కోటయ్యకు చెప్పని రెండో ‘ఇన్న’

1971. మిర్యాలగూడ. సాగర్ కాలువ నీళ్లు వచ్చి ఎన్నో ఏండ్లు కాలే, అప్పటికే ఊరి చుట్టూ ఎటు చూసినా వరే. వడ్లు పండినకాడ మిల్లులు లేవకుంటే ఎట్ల? రోడ్డు పొంటి ఒకదాని పక్కన ఒకటి లేస్తున్నయ్. అట్లాంటి ఒక ఉప్పుడు బియ్యం మిల్లుల నేను బాయిలర్ మేస్త్రీని. నా పేరు యాదగిరి, సొంతూరు సూర్యాపేట. 1956ల సూర్యాపేటల ఒక నూనె మిల్లుల ఉస్తాద్ కాడ చేతికి మసి అంటించుకున్న. అది పోయేసరికి ఇరవై రెండేండ్లు పట్టింది.

ఉప్పుడు బియ్యం తినేటోళ్లకు మా పని తెల్వదు. వడ్లను తొట్లల్ల నానబెడ్తరు, వాటిల్లకు ఆవిరి పంపి ఉడకబెడ్తరు, తర్వాత కల్లంల ఎండకు ఆరబోస్తరు. ఆ ఆవిరి పుట్టేది బాయిలర్ల. పెద్ద ఇనుప పీపా అనుకోండ్రి. కింద ఊక మంట, లోపల నీళ్లు. నీళ్లు ఎంత ఉన్నయో చూపెట్టే గాజు గొట్టాన్ని గేజ్ గ్లాస్ అంటం. ఆవిరిని బయటికి వదిలే పెద్ద చక్రం స్టాప్ వాల్వ్. పొగ గొట్టానికి అడ్డం పెట్టే ఇనుప పలక డ్యాంపర్. నీళ్లు తగ్గి మంట మిగిలిందా, మిల్లు కాదు, వాడకు వాడ లేస్తది. తెల్లారక ముందే మంట పెట్టి, ఎండెక్కే వరకు వడ్లు కల్లంల పడేటట్టు చూసి, పగటీలికి, అంటే మిట్ట మధ్యాన్నానికి, మంట తీసేస్తం.

మంట తీసేటప్పుడు మా ఉస్తాద్ ఒక రివాజు పెట్టిండు, నేను మిర్యాలగూడకు గూడ అదే తెచ్చిన. ఫైర్‌మన్, అంటే మంట చూసేటోడు, పని ముగించి బాయిలర్ ముంగట నిలబడి మూడు కేకలు వెయ్యాలె: “నిప్పు లేదు! నీళ్లు ఉన్నయ్! ఆవిరి కట్టేసిన!” అవతల మిల్లు తిప్పే ఇంజన్ కాడ నుంచి మేస్త్రీ గేజ్ గ్లాస్ దిక్కు ఒక చూపు చూసి “ఇన్న!” అని జవాబియ్యాలె. విన్నాను అని. ఆ మాట పడ్డదంటే ఆనాటి భారం ఇద్దరిది, ఒక్కని మీద లేదు. కాయితం లేదు, సంతకం లేదు. ఇంత మంచి పద్ధతి రోగానికి దాణా అయితదని నేను కలల గూడ అనుకోలే.

కోటయ్య మా ఫైర్‌మన్. కోదాడ అవతలి మనిషి, ఇరవై ఎనిమిదేండ్లు, సన్నగ, పొడుగ్గ. మాటల ‘అండీ’ లేకుంటే నోరు తెరవడు. మా హమాలీలు ఆ మర్యాదను ఎక్కిరించేటోళ్లు గానీ, పనిల వాణ్ని మించినోడు లేడు. ఊక ఎంత జల్లితే మంట ఎంత లేస్తదో ముద్దలు కలిపినంత సులువుగ తెలుసు. గేజ్ గ్లాస్ తుడిస్తే అద్దమే. నేను ఏ ఫైర్‌మన్‌నూ మెచ్చుకునే రకం కాదు, వాణ్ని మాత్రం సావుకారి ముంగటనే మెచ్చుకున్న.

ఆ ఏడు కాతిక మాసంల అనుకుంట, ఒకనాడు మూడు కేకలు వేసిండు. “ఇన్న!” అన్న. జర సేపటికి ఇంజన్ కాడికి వచ్చి నిలబడ్డడు.

“మేస్త్రీగారూ, విన్నారా అండీ?”

“అంటి గదరా, చెవులల్ల ఊక పోసుకున్నవా?”

నవ్వి పోయిండు. ఇంజన్ చప్పుడుకు వినపడలేదేమో అనుకున్న. తెల్లారి మళ్ల వచ్చిండు. వారం తిరిగేసరికి మూడు సార్లు, నాలుగు సార్లు. నెల దాటినంక నేను లెక్క మర్సిపోయిన. కేకలు వేస్తడు, నేను ఇన్న అంట, పోయి డ్యాంపర్ కదిలిచ్చి చూస్తడు, వాల్వ్ చక్రం పట్టుకొని గుంజుతడు, మళ్ల మొదటి నుంచి మూడు కేకలు. హమాలీలు మూటలు మోసుకుంట “ఇన్న! ఇన్న!” అని పాట కట్టిండ్రు. మొదటి రోజు నేను గూడ నవ్విన, అబద్ధమెందుకు. రెండోనాడు వాని మొకం చూసినంక నవ్వు రాలే. చెమటలు కారుతున్నయ్, పెదవులు ఎండిపోయినయ్, కండ్లు నన్ను బతిమాలుతున్నయ్.

“ఏమైందిరా? ఎప్పుడన్న ఏడనన్న బాయిలర్ పేలంగ చూసినవా?”

“లేదండీ. ఎప్పుడూ చూడలేదు.”

“మరి మూసిన వాల్వ్ మూసినట్టే ఉంటది గద?”

“నాకు తెలుసండీ. నా చేత్తో నేనే మూశాను, కళ్లారా చూశాను. నాలుగడుగులు వేస్తానో లేదో, లోపల్నించి ఒకటే ప్రశ్న: నిజంగా మూశావా? ఒకవేళ మూయకపోతే? నీ మూలంగా ఇంతమంది పోతే? సిగ్గుగా ఉంటుందండీ మేస్త్రీగారూ. తెలిసి తెలిసి చేస్తున్నాను.”

తెలిసి తెలిసి ఎందుకు చేస్తవ్, బంద్ చెయ్యి అని చెప్పిన. అంత సులువైతే వాడే బంద్ చేసుకోడా? ఆ తెలివి అప్పుడు నాకు లేకుండె.

ఒకనాడు మబ్బుల, ఇంకా తెల్లారక ముందే, వాని భార్య నాగమణి మిల్లుకు వచ్చింది. చంకల రెండేండ్ల ఆడపిల్ల. నన్ను గోడ పక్కకు పిలిచింది.

“అన్నయ్యగారూ, ఈ నెల్లో మూడు పొయ్యిలు వేశానండీ.”

“మూడు పొయ్యిలెందుకమ్మా?”

“వంటవగానే ఆయన పొయ్యిలో కడివెడు నీళ్లు గుమ్మరిస్తారు. నిప్పు ఆరిందని చెబుతాను. మళ్లీ గుమ్మరిస్తారు. పైన గడ్డి కప్పు, పిల్ల లోపల పడుకుంది, రవ్వ మిగిలిందేమో అంటారు. మట్టి పొయ్యి కదండీ, కరిగి కూర్చుంటుంది. ఆరిందని నా చేత పిల్ల మీద ఒట్టు వేయించుకుంటారు. రోజూ ఎన్ని ఒట్లు వెయ్యను? రెండు రోజుల నుంచి అటుకులే తింటున్నాం.”

చెప్పుకుంటనే ఏడ్చింది. తాయెత్తు కట్టిచ్చినరంట, దిష్టి తీసినరంట, కోదాడ అవతల నుంచి అత్తగారు వచ్చి గాలి సోకిందన్నదంట.  నాకొచ్చిన కోపం ఎవరి మీద చూపెట్టాల్నో తెల్వక తోవల అడ్డమొచ్చిన ఊక గంపను తన్నిన. కాలుకే తాకింది.

జాలిపడి నేనొక ఉపాయం చేసిన. ఎంత తెలివిగల్ల ఉపాయమనుకున్ననో! చిన్న చిట్టీ మీద “బాయిలర్ మూసినం, నేను చూసిన, యాదగిరి” అని రాసి వాని జేబుల పెట్టిన. “ఇంటికి పోయినంక అనుమానమొస్తే తీసి చదువుకో, మళ్ల మిల్లుకు ఉరుకొద్దు” అన్న. వారం రోజులు మస్తుగ పనిచేసింది. నన్ను నేనే శెభాష్ అనుకున్న. ఎనిమిదో నాడు వచ్చి, “ఇది ఇవాళ్టి చిట్టీయేనా అండీ? నిన్నటిది కాదు కదా?” అన్నడు. తారీఖు వేసిచ్చిన. తర్వాత ఇంకోటి: “మీరు నిజంగా చూసే రాశారా, నా మీద జాలితో రాశారా?” టైం గూడ వేసిన. ఆఖరికి ఏమైందంటే, ఇంటికాడ చిట్టీ చదువుడు ఒక పని, చదివింది సరిగ్గ చదివిన్నా లేదా అని మళ్ల చదువుడు ఇంకో పని. ముడి ఇప్పబోయి నేనే రెండు ముళ్లు వేసినట్టయింది.

ఇగ ఒకనాడు నా నోరు ఊకోలే. కల్లంల వడ్లు ఆరబోస్తున్నరు, మబ్బు కమ్ముతున్నది, నేను పరేషాన్‌ల ఉన్న. వాడు పదోసారో పన్నెండోసారో వచ్చి “విన్నారా అండీ” అన్నడు.

“ఏందిరా నీ లొల్లి! మనిషివా, గిర్నీవా? సావు పో!”

హమాలీలందరూ ఆగి చూసిండ్రు. కోటయ్య తల వంచుకొని బాయిలర్ దిక్కు పోయిండు. అడగనీకె నేను లేనని తెలిసి, వాడు తన చెయ్యినే అడిగిండు. స్టాప్ వాల్వ్ దాటినంక ఉండే ఆవిరి పైపు చల్లారుతుంటే వాల్వ్ మూసినట్టు లెక్క. కండ్లు మోసం చేస్తయ్ గానీ చెయ్యి చెయ్యదనుకున్నడు. ఇంకా చుర్రుమని కాలే పైపు మీద అరచెయ్యి పెట్టిండు. తీసిండు, మళ్ల పెట్టిండు. నేను పోయి చూసేసరికి అరచేతి తోలు పైపుకు అంటుకొని ఉన్నది. నా నోటి నుంచి వచ్చిన ‘సావు పో’ అన్న మాట ఇప్పటికీ నా చెవులల్ల ఉన్నది. 

సావుకారికి సంగతి తెలిసింది. మా సావుకారి చెడ్డోడు కాదు, వడ్ల యాపారంల తాతల నాటి నుంచి ఉన్న ఇంటి మనిషి, నిదానస్తుడు. గద్దె మీద కూసొని చెప్పిండు.

“యాదగిరీ, వచ్చే నెల బాయిలర్ ఇన్‌స్పెక్టర్ వస్తడు. ఆయన ముంగట వీడు గిట్ల చేస్తే సర్టిఫికెట్ ఇస్తడా? మిల్లు బంద్ పెడ్తడు. వాణ్ని ఊక మొయ్యనీకె పెట్టు, లేకుంటే కోదాడ బస్సు ఎక్కియ్యి.”

“ఇన్‌స్పెక్టర్ వచ్చే దాక ఆగు సేటూ. నా మాట మీద.”

“నీ మాట మీదనే ఆగుతున్న. ఆనాడు తప్పిందంటే మళ్ల అడగొద్దు.”

నేను ఈ మాట కోటయ్యకు దాయలే. కట్టు కట్టిన చెయ్యిని ఒళ్లె పెట్టుకొని విన్నడు. “కూలి పోతుందని కాదండీ,” అన్నడు. “బాయిలర్ దగ్గర్నించి నన్ను తీసేస్తే, నేను పిచ్చోణ్ణని నాకు నేను ఒప్పుకున్నట్టే కదా. ఆ తర్వాత నా పిల్లని నేనెత్తుకోవడానికి కూడా భయపడతాను.”

ఆ చెయ్యి మానుతలే. కాంపౌండరు కట్టు కడ్తడు, వీడు ఇప్పి పుండు చూసుకుంటడు. ఆదివారం నాడు నేను సూర్యాపేటకు పోతుంటే వాణ్ని గూడ బస్సెక్కిచ్చిన. మా వాడల ఒక డాక్టరు ఉండె, నెత్తి నెరిసిన మనిషి. అంతకు ముందు హైదరాబాద్‌ల మనసు జబ్బుల దవాఖానల పనిచేసి వచ్చిండని తెలుసు, కానీ నేను తీస్కపోయింది కాలిన చేతికే. ఆయన కట్టు ఇప్పి, అరచెయ్యిని వెలుతురుల తిప్పి చూసిండు.

“ఇది ఒక్కసారి కాలిన చెయ్యి కాదు. ఎన్నిసార్లు పెట్టినవ్?”

అప్పటి దాక ఆ ముక్క ఎవరూ అడగలే, నేను గూడ. ఎట్ల కాలింది అన్నం గానీ ఎన్నిసార్లు అనలే.  “లెక్క లేదండీ,” అని కోటయ్య మొత్తం చెప్పేసిండు: కేకలు, చిట్టీలు, పొయ్యి, ఒట్లు, రాత్రి పండుకునేటప్పుడు తలుపు గొళ్లెం. డాక్టరు ఎక్కడా మొకం చిట్లియ్యలే, నవ్వలే, అంతా విన్నడు.

“దీన్ని ఇంగ్లీషుల అబ్సెసివ్ కంపల్సివ్ న్యూరోసిస్ అంటరు. వద్దన్నా మనసుల పదే పదే దూరే ఆలోచన అబ్సెషన్. అది పుట్టిచ్చే భయాన్ని తగ్గించుకోనీకె పదే పదే చేసే పని కంపల్షన్. నీకు పిచ్చి లేదు, గాలి లేదు. నీ బాధ్యత నీకు తెలుసు, జర ఎక్కువ తెలుసు. నీ అసొంటోళ్లను నేను మస్తుమందిని చూసిన.”

“నా అసొంటోళ్లు” అని వాడు మెల్లగ అనుకున్నడు. వాని మొకంల ఆనాడు కనిపిచ్చిన నెమ్మది ఏ గోలీతోటి వస్తది?

డాక్టరు నా దిక్కు తిరిగిండు. “ఈయన అడిగితే జవాబు ఎవరు చెప్తరు?”

“నేనే సార్.”

“చిట్టీలు రాసిచ్చింది?”

“నేనే.”

“నువ్వు మంచోనివే. కానీ నువ్వు ఇన్న అన్నప్పుడల్లా ఆ భయానికి బువ్వ పెడ్తున్నవ్. తిని కాసేపు పండుకుంటది, లేసి ఇంకింత అడుగుతది. ఇంటికాడ ఆమె ఒట్లు గూడ అంతే.”

నాకు సర్రున కోపమొచ్చింది. “అంటే తప్పు నాదా? కండ్ల ముంగట మనిషి అల్లాడుతుంటే ఒక్క మాట అనొద్దా?”

“తప్పని ఎవరన్నరు? నీ బాయిలర్ సంగతి చెప్పు. మంట మొత్తం లాగేసినంక ప్రెజర్ గేజ్ ముల్లు వెంటనే పడ్తదా?”

“పడదు. కాసేపు అట్లనే ఉంటది. మెల్లగ దిగుతది.”

“మధ్యల గంపెడు ఊక వేస్తే?”

 నా పనితోటే నా నోరు మూయించిండు మహానుభావుడు.

ఆయన చెప్పిన మందు ఇది. మొదటిసారి చూసుడు పని. అది తప్పకుండ చెయ్యాలె, మంచిగ చెయ్యాలె. రెండోసారి చూసుడు రోగం, అది చెయ్యొద్దు. చెయ్యకుంటే భయం లేస్తది, గుండె దడదడ కొట్టుకుంటది, పానం పోతదనిపిస్తది. కూసోవాలె. దాన్ని ఆపబోవద్దు, దానికి జవాబియ్యొద్దు. దానంతట అదే దిగుతది. అల్కటి దానితోటి మొదలువెట్టి బరువు దానికి పోవాలె. అన్నిటికంటె ముఖ్యం, కోటయ్య ఒప్పుకోవాలె. ఎవరూ బలవంతం చెయ్యొద్దు, చాటుకు మోసం చెయ్యొద్దు. నిద్రకు కొన్ని గోలీలు ఇచ్చి, ప్రతి ఆదివారం రమ్మన్నడు.

“ఒప్పుకుంటవా?” అని అడిగిండు.

కోటయ్య తల ఎత్తిండు. “భయంగా ఉంది. కానీ ఒప్పుకుంటానండీ.”

గొళ్లెంతోటి మొదలువెట్టినం. ఒక్కసారి పెట్టాలె, మంచమెక్కాలె. మూడు నాలుగు రోజులు నిద్ర లేదన్నడు, తర్వాత కన్ను పడ్డదన్నడు. రెండోది పొయ్యి. చెంబెడు నీళ్లు, ఒక్కసారి. నాగమణికి డాక్టరు మాట నేనే పోయి చెప్పిన: “ఆరిందా అని అడిగితే, ‘దానికి నేను జవాబు చెప్పనండీ, మీ పక్కన కూర్చుంటాను’ అను తల్లీ.” నాగమణి గట్టిది. పక్కన కూసొని పప్పుల రాళ్లు ఏరుకుంట ఉండేదంట. నాలుగో పొయ్యి కరగలే. ఆ సంగతి చెప్పనీకె మిల్లుకు సద్ది డబ్బాల వేడి వేడి పులుసన్నం పంపింది.

బాయిలర్‌ను ఆఖరికి పెట్టుకున్నం. ఆనాడు కోటయ్య కేకలు వేసిండు. నేను గేజ్ గ్లాస్ చూసి “ఇన్న!” అన్న. నీడల ఒక చెక్క బెంచి వేయించిన, వచ్చి దాని మీద కూసున్నడు. కూసున్నడో లేదో లేసిండు.

“మేస్త్రీగారూ, ఒక్కసారి.”

నేను తల అడ్డం ఊపిన.

“ఒక్కసారే అండీ. ఇవాళొక్కరోజే. రేపట్నించి అడగను.”

“నేను చెప్పను కోటయ్యా. నీ పక్కన కూసుంట.”

వాడు నా కాళ్ల మీద పడ్డడు. కట్టు కట్టిన ఆ చేతితోటే నా కాలు పట్టుకున్నడు. “మీకు దయ లేదా అండీ? అందరూ చస్తే మీదే పాపం!” అన్నడు. ఏ మాటన్నా నాకు రోషమొచ్చేది, ఆనాడు రాలే. నా కండ్ల నుంచి నీళ్లు కారుతున్నయ్. నోరు తెరిస్తే ‘ఇన్న’ తప్ప ఏదీ రాదని తెలిసి, తువాల కొస నోట్ల కుక్కుకున్న. వద్దని గట్టిగ అరిచుడు నాకు అలవాటే. మెత్తగ ఊకుండుడు ఎంత కష్టమో ఆనాడు తెలిసింది.

గంటసేపు నడిచిండు, కూసున్నడు, లేసిండు, వణికిండు. బాయిలర్ దిక్కు పది అడుగులు వేసి, ఆగి, మళ్ల వచ్చిండు. హమాలీలు మూటలు దించి చూస్తున్నరు. పాట కట్టినోళ్లే ఒక్కరు నోరు మెదపలే. గంటన్నర అయింది. కోటయ్య భుజాలు కిందికి దిగినయ్. నా దిక్కు అయోమయంగ చూసిండు.

“దిగుతోందండీ,” అన్నడు. “మీరేం చెప్పకుండానే దిగుతోంది.”

తెల్లారి గంట పట్టింది. ఇంకో నాడు అరగంట. మధ్యల ఒకనాడు నేను సావుకారి కాడికి పోయిన సందుల వాల్వ్ కాడికి ఆరు సార్లు పోయిండు. వచ్చి నాకు తనే చెప్పిండు. నేను తిట్టబోయి నాలుక కరుచుకున్న. “కాలు జారిందంతే, రేపు మళ్ల బెంచి మీద కూసుందాం” అన్న. నా నోటి నుంచి గంత సల్లటి మాట వచ్చుడు చూసి వాడు నవ్విండు.

ఇన్‌స్పెక్టర్ రానే వచ్చిండు. గుబురు మీసాలు, చేతుల చిన్న సుత్తి. బాయిలర్ చుట్టూ తిరిగి కొట్టి చూసిండు, సేఫ్టీ వాల్వ్, అంటే ఆవిరి ఎక్కువైతే తనంతట తనే తెరుచుకునే మూత, లేపి చూసిండు. కోటయ్య చేత గేజ్ గ్లాస్ పరీక్ష చేయించిండు. అన్నీ సరిగ్గనే నడిచినయ్. ఆఖరికి మంట తీయించిండు. కోటయ్య ఒకటొకటే మూసి, ఒకటొకటే చూసి, మూడు కేకలు వేసిండు. నేను “ఇన్న!” అన్న. సావుకారి తలుపు కాడ నిలబడి చూస్తున్నడు.

ఇన్‌స్పెక్టర్ కాయితం మీద రాసుకుంట, తల ఎత్తకుండనే అడిగిండు: “స్టాప్ వాల్వ్ నిజంగ మూసినవా? పక్కానా? పోయి మళ్ల ఒకసారి చూసి రా.”

 ఆ మనిషికేం తెలుసు పాపం, ప్రతి మిల్లుల అడిగే మాటే అడిగిండు. ఇన్ని నెలల నుంచి వాని లోపల అరిచే గొంతే టోపీ పెట్టుకొని ఎదురుంగ నిలబడ్డట్టయింది. మళ్ల పోయిండంటే ఆనాడు ఒక్కసారితోటి ఆగదని నాకు తెలుసు, వానికి తెలుసు. పోనంటే పెద్దసారు మాట కాదన్నట్టు. కోటయ్య మొకంల నెత్తురు లేదు, చెంప మీద చెమట దిగుతున్నది. కాలిన చేతి వేళ్లు ముడిచిండు, తెరిచిండు.

“మూశానండీ. ఒకసారి మూశాను, ఒకసారి చూశాను. తమరికి అనుమానముంటే తమరు చూసుకోండి సార్. నేను వెళ్లను.”

 సావుకారి తల పట్టుకున్నడు. ఇన్‌స్పెక్టర్ కలం ఆపి, వాణ్ని కింద నుంచి మీదికి చూసిండు. బాయిలర్ కాడికి పోయి చక్రం గుంజి చూసిండు. కదలలే. తిరిగొచ్చి కాయితం మీద సంతకం పెట్టి సావుకారి చేతికిచ్చిండు.

“ఎవరీ ఫైర్‌మన్? తన పని మీద ఇంత నమ్మకమున్నోణ్ని నేను తక్కువ చూసిన.”

కోటయ్య బెంచి మీద కూలబడి చిన్నపిల్లగానోలె ఏడ్చిండు. ఎందుకేడుస్తున్నడో ఇన్‌స్పెక్టర్‌కు సమజ్ కాలే. సావుకారి మాత్రం నా దిక్కు చూసి, గద్దె కాడికి పోయి, తను తాగే కూజాల నీళ్లు తనే తెచ్చి వానికిచ్చిండు. ఊక మోసే మాట మళ్ల ఎత్తలే.

రోగం ఖతం అయిందని చెప్ప. అట్ల చెప్తే అబద్ధమైతది. ఇంట్ల జ్వరమొచ్చినా, పిల్లకు జబ్బు చేసినా మళ్ల తల ఎత్తేది. “వచ్చిందండీ చుట్టం” అనేటోడు కోటయ్య. “కూర్చోమన్నాను, విస్తరి మాత్రం వెయ్యలేదు.” బెంచి మీద ఇద్దరం కూసునేటోళ్లం. దాని పక్క నుంచి హమాలీలు ఏ పాట లేకుండ మూటలు మోసుకుంట పోయేటోళ్లు.

1978ల నాకు కండ్లు మసకబారినయ్, గేజ్ గ్లాస్‌ల నీళ్ల గీత కనపడుతలేదు. అట్లాంటి మనిషి బాయిలర్ కాడ ఉండొద్దు. అప్పటికి కోటయ్య పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకున్నడు, సావుకారి నా జాగల వాణ్నే మేస్త్రీని చేసిండు. నా ఆఖరి నాడు, మంట నేనే తీస్త అని పట్టుబట్టిన. డ్యాంపర్ మూసిన, నీళ్లు పెట్టిన, వాల్వ్ బిగిచ్చిన. బాయిలర్ ముంగట నిలబడి మూడు కేకలు వేసిన. 

ఇంజన్ కాడ నుంచి కోటయ్య గొంతు వచ్చింది: “ఇన్న!” ఆ ఒక్క మాట మా సూర్యాపేట యాసలనే అన్నడు.

తువాల దులుపుకొని గేటు దాక పోయిన. కాలు ముంగటికి పడలే. చక్రం సరిగ్గ బిగిచ్చిన్నా? ఈ కండ్లతోటి గీత సరిగ్గ చూసిన్నా? ఇరవై రెండేండ్లల ఎన్నడూ రాని అనుమానం ఆనాడే వచ్చింది. మళ్ల లోపలికి వచ్చిన.

“కోటయ్యా, మంచిగ చూసినవా? మళ్ల ఒకసారి అను.”

వాడు నోరు తెరవబోయి మూసుకున్నడు. తువాల కొస తీసి నోట్ల కుక్కుకున్నడు. కండ్ల నిండ నీళ్లు, పెదవుల మీద నవ్వు. అరచేతిల మచ్చ ఉన్న ఆ చేతితోటి నా చెయ్యి పట్టుకొని బెంచి మీద కూసోబెట్టి, నా పక్కన కూసున్నడు. నేను లేసే దాక వాడు లేవలే.